ఐదు ఎడిషనల్స్

మా రోజుల్లో పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని ఎలా రాశావని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఎన్ని ఎడిషనల్స్ తీసుకున్నావని అడిగేవాళ్ళు. హాల్లో మొదట ఇచ్చే జవాబు పుస్తకం నిండిపోతే లేచి నిలబడి అడిగి తీసుకునే విడి కాగితాలే ఎడిషనల్స్. చివర్లో వాటిని వరసగా పెట్టి, మూలనున్న చిల్లులోంచి తెల్లదారం దూర్చి, ముడేసి ఇచ్చేవాళ్ళం. మూడంటే పర్వాలేదు. నాలుగంటే బాగా రాసినట్టు. ఆరంటే ఇక ఆ పిల్ల ఇంజినీరింగులో చేరిపోయినట్టే. విజయవాడలో కాలేజీ గేట్ల ముందూ, సిటీ బస్సుల్లోనూ ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అదే ప్రశ్న వేసేవాళ్ళు. లోపల ఏం రాశామన్నది దిద్దేవాడికీ దేవుడికీ తెలియాలి. కాగితాల లెక్క మాత్రం ఊరందరికీ కావాలి.

ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల రెండో పేపరుకి నేను ఐదు ఎడిషనల్స్ తీసుకున్నాను. వచ్చిన మార్కులు తొమ్మిది.

ఇది తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి మేం పటమటలో అద్దెకుండేవాళ్ళం. నాన్న బందరు రోడ్డులో గంట ప్రయాణం దూరాన ఉన్న ఒక ఊళ్ళో సర్కారు జూనియర్ కాలేజీ లెక్చరరు. చెప్పేది లెక్కలే. గుడివాడ వైపు పల్లెలో, వరి తప్ప మరో సంగతి తెలియని ఇంట్లో పుట్టి, ఎమ్మెస్సీ దాకా చదువుకున్న మొదటి మనిషి. ఆయన పాఠం చెబితే మొద్దు పిల్లలక్కూడా తలకెక్కుతుందని పేరు. పండితపుత్రః పరమశుంఠః అని మా వీధిలో ఒకాయన నన్ను చూసి నవ్వుతూ అంటుండేవాడు. నేను పుత్రుణ్ణి కాను కాబట్టి ఆ సామెత నాకు వర్తించదని అనుకునేదాన్ని.

తెల్లవారుజామున అయిదింటికి నాన్న నన్ను లేపి, ముందుగదిలో గోడకి తగిలించిన నల్లబోర్డు ముందు కూర్చోబెట్టేవాడు. ఎనిమిదో తరగతి నుంచీ అదే అలవాటు. ఒక్కో మెట్టూ రాసి, వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అనేవాడు. "అయింది నాన్నా" అనేదాన్ని. ఆ మాట వినగానే ఆయన మొహం విచ్చుకునేది. రోజంతా దారిలోనూ స్టాఫ్ రూములోనూ ఆయన మొహం ఎలా ఉండేదో నాకు తెలియదు కానీ, ఆ ఒక్క క్షణం మాత్రం బంగారంలా ఉండేది. ఆ మొహం కోసం అబద్ధం చెప్పడం నాకు తప్పనిపించలేదు. తొమ్మిదో తరగతిలో ఎక్కడో ఒక మెట్టు నాకు అందలేదు. అందలేదని ఆ పూట చెప్పి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. నేను చెప్పలేదు. దాని మీద ఇంకో మెట్టు, దాని మీద ఇంకోటి, అన్నింటికీ తలూపుతూ ఇంటర్ దాకా వచ్చేశాను. పదో తరగతీ, ఇంటర్ మొదటి సంవత్సరమూ గైడులోని లెక్కల్ని పద్యాల్లాగా బట్టీపట్టి గట్టెక్కాను. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలను. అంకె మారిస్తే చచ్చానన్నమాటే.

ఈ సంగతి పసిగట్టిన మనిషి ఒక్కరే. నాన్న స్నేహితుడు, అదే కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఇద్దరూ డిగ్రీలో ఒకే హాస్టలు గదిలో ఉన్నవాళ్ళు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద కాలేజీకి వెళ్ళేవాళ్ళు, ఆదివారాలు మా ఇంట్లోనే పెసరట్లు తినేవాళ్ళు. ఒరే అంటే ఒరే. నేను బాబాయి గారూ అనేదాన్ని. ఒక ఆదివారం ఆయన నా నోట్సు తిరగేసి, ఒక లెక్క దగ్గర వేలు పెట్టి, "అమ్మాయ్, ఈ లైను నుంచి ఈ లైనుకి ఎట్లా వచ్చావు?" అని అడిగారు. నేను లైను వంక చూస్తూ ఉండిపోయాను. లోపల్నించి నాన్న, "దానికన్నీ వచ్చురా, నువ్వు కంగారుపెట్టమాకు" అన్నాడు. ఆయన నోట్సు మూసేసి నా తల మీద చిన్నగా తట్టి ఊరుకున్నారు.

ఆ లెక్కల పేపరు రోజున ప్రశ్నలు చూడగానే నాకు తెలిసిన లెక్క ఒక్కటే కనిపించింది. అది రాసేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత గంటసేపు ఊరికే కూర్చున్నాను. చుట్టూ ఒక్కొక్కళ్ళే లేచి నిలబడుతున్నారు. ఇన్విజిలేటరు కాగితం ఇవ్వడం, వాళ్ళు కూర్చోవడం. గేటు బయట నాన్న స్కూటరు మీద ఎదురుచూస్తుంటాడని నాకు తెలుసు. రాగానే ఏం అడుగుతాడో కూడా తెలుసు. ఏమీ తీసుకోలేదు నాన్నా అని ఎలా చెప్పడం? నాకు లెక్కలు రావన్న భయం కంటే ఆ భయమే ఎక్కువైంది. జవాబు పుస్తకంలో మిగిలిన పేజీలన్నిట్లో ప్రశ్నల్నే మళ్ళీ అందంగా రాశాను. వచ్చిన ఒక్క లెక్కనీ వేరే నంబర్లు వేసి ఇంకో రెండుసార్లు రాశాను. లేచి నిలబడ్డాను. కాగితం వచ్చింది. అలా ఐదుసార్లు. మధ్యలో గీతలు కొట్టి, కింద సమాధానం సున్నా అని వేసి, దాని చుట్టూ పెట్టె గీశాను. చివర్లో దారం దూర్చి ముడేశాను. పక్క బెంచీ పిల్ల నా వంక అసూయగా చూసింది. ఆ చూపు నాకు బాగానే అనిపించింది, అదీ నా బుద్ధి.

"ఎన్నే?" అన్నాడు నాన్న గేటు దగ్గర.

"ఐదు నాన్నా."

పక్కనున్న ఎవరో తండ్రి కూడా తిరిగి చూశాడు. నాన్న నాకు చెరుకురసం ఇప్పించాడు, ఒకటి కాదు, రెండు గ్లాసులు. సాయంత్రానికి మా వీధి వీధంతా తెలిసిపోయింది.

ఏప్రిల్లో లెక్చరర్లందరికీ పేపర్లు దిద్దే క్యాంపు డ్యూటీలు పడ్డాయి. మా జిల్లా పేపర్లు కృష్ణ దాటి అవతలి క్యాంపుకి వెళ్ళాయని నాన్న వాళ్ళకి ఎలాగో తెలిసింది. బాబాయి గారికి అక్కడే పడింది. దిద్దడం కాదు, వచ్చిన కట్టలు విప్పి లెక్క చూసుకుని దిద్దేవాళ్ళకి పంపించే పని. అప్పట్లో అదొక విశేషమని ఎవరికీ అనిపించలేదు.

ఫలితాల పేపరులో నా నంబరు లేదు. నాన్న ముందు వేలు పెట్టి చూశాడు, తర్వాత కళ్ళజోడు తుడుచుకుని చూశాడు, తర్వాత పక్కింటివాళ్ళ పేపరు తెప్పించి చూశాడు. అచ్చుతప్పు అన్నాడు. వారం తర్వాత మార్కుల మెమో వచ్చింది. మిగతావన్నీ పాసు. లెక్కల రెండో పేపరులో తొమ్మిది.

నాన్న ఆ మెమో పట్టుకుని ముందుగదిలో చాలాసేపు తిరిగాడు. "ఐదు ఎడిషనల్స్ రాసిన పిల్లకి తొమ్మిదేంటి?" అని అమ్మనడిగాడు, నన్నడిగాడు, గోడనడిగాడు. చివరికి ఆయనే చెప్పాడు. దారం తెగిపోయి ఉంటుంది. కట్ట విప్పేటప్పుడు ఎడిషనల్స్ విడిపోయి ఎక్కడో కలిసిపోయి ఉంటాయి. దిద్దినాయన ముందు పేజీలు మాత్రమే చూసి ఉంటాడు. లెక్కల మనిషి కదా, తెలిసిన దాన్నుంచి తెలియని దానికి మెట్టు మెట్టుగా వెళ్ళాడు. మొదటి మెట్టే అబద్ధమని ఆయనకి తెలియదు.

నాకు ఆ క్షణాన ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. నా తప్పు వేరే ఎవరి నెత్తి మీదో పడుతోంది, ఆ ఎవరో ఎక్కడో ఏటి అవతల మొహం తెలియని గుమాస్తా అనుకున్నాను. కట్టలు విప్పే పని ఎవరిదో నాకు వెంటనే గుర్తు రాలేదు. నాన్నకి వచ్చింది.

ఆ సాయంత్రమే బాబాయి గారు వచ్చారు. నన్ను ఓదార్చడానికని వచ్చారు, చేతిలో అరటిపళ్ళు కూడా ఉన్నాయి. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఒరేయ్, కట్టలు విప్పింది నువ్వే కదా" అన్నాడు నాన్న. "పిల్ల కాగితాలు జారిపోయినాయి. ఎక్కడ జారినాయో గుర్తు తెచ్చుకో."

"అట్లా జారవురా. ఎడిషనల్స్ ఎన్నో పైన వేస్తారు, ఆ లెక్క సరిపోతేనే కట్ట ముందుకెళ్ళిద్ది. నీకు తెలీని సంగతా?"

"తెలుసు గనకే అడుగుతున్నా. ప్రతీదీ చూశావా?"

"చూశాను."

"అన్ని వేల కాగితాలు, ఒక్కటి కూడా వదలకుండా?"

"చూశాన్రా. అదే కదా నా పని."

"అయితే నా కూతురు అబద్ధమాడుతోందా?"

బాబాయి గారు తలుపు వైపు తిరిగారు. నా వంక చూశారు. కోపంగా కాదు. ఆ ఆదివారం నోట్సు మీద వేలు పెట్టి చూసినట్టే చూశారు. "అమ్మాయ్, ఐదూ నిండా రాశావా?" అన్నారు.

అడిగింది ఒక్క మాట. ఏం రాశావని అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. నిండా రాశావా అన్నారు. నిండానే రాశాను. ఆ సందు చూసుకుని దూరిపోయాను.

"రాశాను బాబాయి గారూ."

నాన్న ఆయన వైపు తిరిగాడు. "విన్నారుగా. ఇక మీరు బయల్దేరండి" అన్నాడు.

దాదాపు ముప్పయ్యేళ్ళుగా ఒరే అన్న మనిషిని మీరు అన్నాడు. తిట్టి ఉంటే ఇద్దరూ నవ్వుకుని మర్చిపోయేవాళ్ళేమో. బాబాయి గారి మొహం పాలిపోయింది. అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, "తాగి వెళ్ళండి అన్నయ్య గారూ" అంది. ఆయన గ్లాసు అందుకుని, నిలబడే రెండు గుక్కలు తాగి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అరటిపళ్ళు ఎవరమూ తినలేదు. రెండు రోజులకి నల్లబడితే అమ్మ వాటిని వీధిలో ఆవుకి పెట్టింది.

ఆ రాత్రే చెప్పేయాలనుకున్నాను. పొద్దున చెబుదామనుకున్నాను. రీకౌంటింగుకి పెట్టాడు, అది వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది. మార్పు లేదని చిన్న కాగితం. అంతటితో ఆగిపోతాడని ఆశపడ్డాను. కానీ నాన్న, "ఉన్నవే కదా కూడతారు, పోయిన కాగితాల్ని ఎట్లా కూడతారు?" అని, పైవాళ్ళకి అర్జీ రాశాడు. క్యాంపులో కట్టలు చూసినవాళ్ళ నిర్లక్ష్యం వల్ల ఒక విద్యార్థిని భవిష్యత్తు పాడైందని. బాబాయి గారి పేరు పెట్టి రాశాడు. ఇంగ్లీషులో మంచి చేతిరాతతో రాసి, నాకే ఇచ్చి, రిజిస్టరు చేయించి రమ్మన్నాడు. పటమట పోస్టాఫీసులో వరసలో నిలబడి, ఆ కవరు నా చేత్తో నేనే ఇచ్చి వచ్చాను. చింపి పారేస్తే ఎవరికి తెలిసేది? అంత ధైర్యం కూడా లేకపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడమంటే ఏమిటో పదిహేడేళ్ళకే నేర్చుకున్నాను.

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష. ఈలోగా నా స్నేహితురాళ్ళు డిగ్రీల్లోనూ ఇంజినీరింగుల్లోనూ చేరిపోయారు. నన్ను చూస్తే సెప్టెంబర్ బ్యాచ్ అని నవ్వేవాళ్ళు. నేను మధ్యాహ్నాలు తలుపేసుకుని పుస్తకం ముందు కూర్చునేదాన్ని. ఏ పేజీ తీసినా పరాయిభాష. ఇక బట్టీ పట్టడానికి కూడా చేతకాలేదు. నాన్న మాత్రం, "నీకన్నీ వచ్చు, ఒకసారి తిరగేసుకుంటే చాలు" అని మళ్ళీ తెల్లవారుజామున లేపడం మొదలెట్టాడు.

జూలైలో ఒక రోజు, సగం బోర్డు నింపి వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అన్నాడు. నోట్లోకి అలవాటుగా వచ్చిన మాటని మింగేసి, "లేదు నాన్నా" అన్నాను.

సుద్దముక్క ఆగింది. "ఎక్కడ?"

"మొదట్నించీ."

నాన్న నా వంక చాలాసేపు చూశాడు. నేను తల దించుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, ఎప్పుడూ కొట్టిన మనిషి కాదు. ఆయన మొహంలో ఆ వెలుగు ఆరిపోవడం చూడకూడదనే తల దించుకున్నాను. కాసేపటికి గుడ్డతో బోర్డు తుడిచిన చప్పుడైంది. తలెత్తితే తొమ్మిదో తరగతి లెక్క కనిపించింది. "ఇది?" అన్నాడు. "రాదు." దాన్నీ తుడిచేసి ఇంకా వెనక్కి వెళ్ళాడు. "ఇది?" "ఇది వచ్చు." "సరే, ఇక్కణ్ణించి నడుద్దాం" అన్నాడు.

అలా రెండు నెలలు నడిచాం. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అప్పటి సంగతి ఒక్క ముక్క అడగలేదు. రానిదాన్ని రాదని చెబితే ప్రపంచం కూలిపోదని నాకు ఆ రెండు నెలల్లో తెలిసింది. పైగా అక్కణ్ణించే చదువు మొదలవుతుంది. నాలుగేళ్ళుగా మోసిన బరువు దిగిపోయి, లెక్కలంటే మొదటిసారి ఆకలి పుట్టింది. అయితే ఆ రెండు నెలల్లోనే రెండు వీధుల అవతల ఏం జరుగుతోందో కూడా నాకు తెలుసు. బాబాయి గారిని సంజాయిషీ అడిగారు. క్యాంపు డ్యూటీల నుంచి తీసేశారు. స్టాఫ్ రూములో ఆయన రాగానే మాటలు ఆగిపోయేవట. ఆగస్టులో ఆయనే అడిగి, చల్లపల్లి అవతల ఒక మారుమూల కాలేజీకి బదిలీ చేయించుకున్నారు. సామాను లారీ మా వీధి చివర మలుపు తిరుగుతుంటే మేడ మీంచి చూశాను. నాన్న లోపల పేపరు చదువుతున్నాడు. ఆ రోజున కూడా నేను నోరు విప్పలేదు.

సెప్టెంబరు పరీక్షలో ఒక్క ఎడిషనల్ కూడా తీసుకోలేదు. వచ్చినవి రాశాను, రానివి వదిలేశాను. ముప్పై ఎనిమిది మార్కులతో పాసయ్యాను. పరీక్ష రోజున గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు కానీ ఎన్ని అని అడగలేదు. "అలిసిపోయావా?" అన్నాడు. నాన్న మారాడనుకున్నాను తప్ప, ఎందుకు మారాడని ఆలోచించలేదు.

తర్వాత బీయస్సీ లెక్కలే తీసుకున్నాను. బీఈడీ చేశాను. రెండువేల సంవత్సరం దాటాక గన్నవరం దగ్గర ఒక జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కల టీచరునయ్యాను. నా క్లాసులో ఎప్పుడూ అర్థమైందా అని అడగను. ఆ ప్రశ్నకి ఎక్కడైనా ఒకటే జవాబు. ఎక్కడ ఆగిపోయావు అని అడుగుతాను. మొదట్లో పిల్లలు బిక్కమొహాలు వేస్తారు. నెల తిరిగేసరికి ఇక్కడ టీచర్, ఇక్కడ అని వాళ్ళే చూపిస్తారు. మంచి టీచరునని పేరొచ్చింది. ఎవరైనా పొగిడితే లోపలెక్కడో చల్లపల్లి వైపు నుంచి ఒక మనిషి నన్ను చూస్తున్నట్టుండేది.

ఒక వేసవిలో నాకూ పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. మూడో రోజు ఒక కట్టలో ఒక పేపరు వచ్చింది. జవాబు పుస్తకం నిండా ప్రశ్నలే. మూడు ఎడిషనల్స్ నిండా మళ్ళీ అవే ప్రశ్నలు, గుండ్రటి అక్షరాలతో. కింద గీతలు, పెట్టెలు. ఎవరో ఏ జిల్లాలోనో నాలాంటి పిల్ల. వేయాల్సిన సున్నాలు వేసి, కూడి, సంతకం పెట్టాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెచ్చేశాను. ఆ ఆదివారం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చల్లపల్లి బస్సెక్కాను.

బాబాయి గారు రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి లోపలికెళ్ళింది. బాబాయి గారి జుట్టంతా నెరిసింది, చెయ్యి కొంచెం వణుకుతోంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఐదు కాగితాల్లో ఏం రాశానో, ఎందుకు రాశానో, ఆ సాయంత్రం ఆయన అడిగితే ఏం దాచానో, పోస్టాఫీసులో కవరు నేనే ఇచ్చానన్న సంగతితో సహా. ఆయన అంతా విని, "కూర్చోమ్మాయ్, నాకు తెలుసు" అన్నారు.

అర్జీ వెళ్ళిన కొత్తలోనే, కాగితాలు దాచిన చోట తెలిసినవాళ్ళని పట్టుకుని నా పేపరు తీయించి చూశారట. చూడకూడదు. జన్మలో అదొక్కటే రూలు తప్పానన్నారు. "దారం చక్కగా ముడేసి ఉంది. ప్రశ్నలన్నీ ముత్యాల్లా రాశావు."

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు బాబాయి గారూ?"

"చెబుదామనే మీ వీధి దాకా వచ్చా. పొద్దున్నే. కిటికీలోంచి మీ నాన్న గొంతు వినపడింది, నీకు లెక్కలు చెబుతున్నాడు. ఇప్పుడు చెబితే వాడి చెయ్యి ఆగిపోద్ది, పిల్ల సెప్టెంబరు కూడా పోద్ది అనుకున్నా. నువ్వు పాసయ్యాక చెబుదాంలే అనుకున్నా. అప్పటికి నేనే వచ్చేశాను. ఆ తర్వాత చెబితే నా పేరు కడుక్కోడానికి చెప్పినట్టుంటదిగా." మజ్జిగ గ్లాసు నా వైపు జరిపి, "వాణ్ణి ఒకసారి తీసుకురామ్మా. పోట్లాడుకునే ఓపిక ఇద్దరికీ లేదిప్పుడు" అన్నారు.

బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది.

ఆ సాయంత్రం నాన్న ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. పదేళ్ళు కడుపులో పెట్టుకున్నది చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నన్ను తిట్టాలని, కనీసం లేచి వెళ్ళిపోవాలని కోరుకున్నాను. నాన్న కదల్లేదు.

"నాకు జూలైలోనే తెలిసిందే" అన్నాడు. "నువ్వు మొదట్నించీ రాదన్న రోజునే. తొమ్మిదో తరగతి లెక్క రాని పిల్ల ఐదు ఎడిషనల్స్ ఏం రాస్తుంది? నేను లెక్కల మేష్టార్నే కదా."

"వాడు బదిలీ పెట్టుకున్నది ఆగస్టులో" అన్నాడు మళ్ళీ తనే. "మధ్యలో నెల పైన ఉంది. ఒక కార్డు ముక్క రాసి అర్జీ వెనక్కి తీసుకుంటే సరిపోయేది. రోజూ స్టాఫ్ రూములో ఎదురుగానే కూర్చునేవాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోలేకపోయాను."

"నాది తప్పు నాన్నా. నేను ముందే చెప్పి ఉంటే..."

"నీకు పదిహేడేళ్ళే. నాకు నలభై ఎనిమిది."

ఆయన గొంతు అలా వినడం అదే మొదటిసారి. బాబాయి గారికి అన్నీ తెలుసని, రమ్మన్నారని చెప్పాను. "ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు. అప్పట్నించే అన్నాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి, "రేపు పొద్దున బస్సుకి వెళ్దాం" అన్నాడు.

పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను క్యాంపుకి సెలవు పెట్టాను. ఇద్దరం బందరు రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. ఎండ ఇంకా ముదరలేదు. దారిలో పళ్ళు తీసుకుందామా అంటే తలూపాడు. బస్సు దూరంగా కనిపించింది. నేను చెయ్యెత్తాను. అది వచ్చి మా ముందు ఆగింది. నేను మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగితే నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

"రండి నాన్నా."

"వాడు తిడతాడంటే వచ్చేవాణ్ణే" అన్నాడు. "తిట్టడు. కాఫీ ఇస్తాడు."

కండక్టరు విసుక్కున్నాడు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. నాన్న అప్పటికే ఇంటి వైపు నడుస్తున్నాడు.